దొంగ సరే.. తాళం సక్కగ వెయ్యనోడి సంగతేంది?

గేమింగ్ కంపెనీ సర్వర్ హ్యాక్ అయిందనంగనే మూడు మాటలు వినవడ్తయ్. ‘మేం సుత బాధితులమే, మా మీద దొంగలు పడ్డరు’ అని కంపెనీ అంటది. ‘వాళ్ల తాళమే సక్కగ లేకపాయె, ఇగ ఎవడైనా లోపటికి వస్తడు’ అని హ్యాకర్‌ను మెచ్చుకునేటోళ్లు అంటరు. ‘నిన్నెవడు గేమ్ ఆడుమన్నడు, కార్డు నంబర్ ఎందుకిచ్చినవ్’ అని ఇంట్ల పెద్దోళ్లు అంటరు. మొదటి రెండు మాటల్ల కొంత కొంత నిజముంది. మూడోదాంట్ల శానా తక్కువ. కానీ మన ఊర్లల్ల ఎక్కువ వినవడేది ఆ మూడోదే.

ఈ పంచాయితీ తెగాలంటే ఒక పాత కేసు చూడాలె. 2011ది. ఇది చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు శానామంది అప్పుడు బడికి సుత పోయి ఉండరు.

సోనీ కంపెనీ ప్లేస్టేషన్ ఎరికే కదా, టీవీకి పెట్టి ఆడే డబ్బా. దాంట్ల ఆన్‌లైన్ ఆట ఆడాలన్నా, గేమ్ కొనాలన్నా ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌ల అకౌంట్ ఉండాలె. పేరు, అడ్రస్, పుట్టిన తేదీ, ఈమెయిల్, పాస్‌వర్డ్ ఇయ్యాలె. కొనుక్కునేటోళ్లయితే కార్డు నంబర్ సుత. 2011 ఏప్రిల్ 17, 19 తేదీల నడుమ ఎవడో ఆ సర్వర్లల్ల దూరిండు. 19న సర్వర్లు వాటంతటవే రీస్టార్ట్ అయితుంటే ఇంజనీర్లకు అనుమానమొచ్చింది. 20న నెట్‌వర్క్ మొత్తం బంద్ పెట్టిన్రు. 22న ‘బయటోళ్లు చొరబడ్డరు’ అని ఒక ముక్క చెప్పిన్రు. మీ వివరాలు పోయినయ్ అనే అసలు ముచ్చట మాత్రం 26 దాక చెప్పలే. ఆరు రోజులు! ఆ ఆరు రోజుల్ల పాస్‌వర్డ్ మార్చుకుందామని గానీ, బ్యాంకుకు ఫోన్ చేద్దామని గానీ ఎవరికీ తెల్వదు.

పోయిన అకౌంట్లు 7 కోట్ల 70 లక్షలు. అదే ఏడాది జనాభా లెక్కల్ల అదిలాబాద్ నుంచి చిత్తూరు దాక ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం 8 కోట్ల 46 లక్షల మంది. దాన్ని బట్టి ఆ లెక్క ఎంత పెద్దదో చూసుకోండ్రి. మే 1న టోక్యోల సోనీ పెద్దసారు కజువో హిరాయ్, ఇంకో ఇద్దరు ఆఫీసర్లు విలేకరుల ముందట నడుం వంచి క్షమాపణ చెప్పిన్రు. తెల్లారే ఇంకో బాంబు పేలింది. సోనీదే ఇంకో గేమింగ్ కంపెనీ, సోనీ ఆన్‌లైన్ ఎంటర్‌టైన్‌మెంట్‌ల సుత 2 కోట్ల 46 లక్షల అకౌంట్లు పోయినయన్నరు. మే నెల నడుమకు గానీ అమెరికా, యూరప్‌ల ఆటలు మళ్ల మొదలుకాలే.

ఇగ తప్పెవరిది?

అప్పట్ల ఇంటర్‌నెట్‌ల సగం మంది సోనీకి మంచిగైంది అన్నరు. దానికీ ఒక కథ ఉంది. ప్లేస్టేషన్ 3ల లైనక్స్ నడుపుకునే సౌలతు ఉండె. 2010 ఏప్రిల్‌ల ఒక అప్‌డేట్‌తోని సోనీ దాన్ని తీసేసింది. పైసలు పెట్టి కొన్న డబ్బాల నుంచి ఒక పనితనాన్ని కొన్నంక గుంజుకున్నట్టన్నట్టు. తర్వాత జార్జ్ హాట్జ్ అనే పిల్లగాడు ఆ డబ్బా తాళాన్ని పగలగొట్టి, ఎట్లనో నెట్‌ల పెట్టిండు. సోనీ కోర్టుకు పోయింది. ఆ పిల్లగాని వెబ్‌సైట్ చూసినోళ్ల ఐపీ అడ్రస్‌లు సుత తీసుకునేటందుకు కోర్టు నుంచి పర్మిషన్ తెచ్చుకుంది. కోపమొచ్చిన అనానిమస్ గుంపు ఏప్రిల్ మొదట్ల సోనీ సైట్ల మీద వడ్డది.

సోనీ మీద ఆ కోపంల న్యాయముందనే నేనంటా. కొన్న వస్తువు మీద హక్కు కొన్నోనిదే. కానీ వివరాలు పోగొట్టుకున్నది ఎవరు? లైనక్స్ తీసెయ్యాలని మీటింగుల చెయ్యెత్తినోళ్లు కాదు. సాయంత్రం పూట ఫుట్‌బాల్ గేమ్ ఆడుకునే పిల్లలు, కొడుకు కోసం కార్డు ఇచ్చిన తండ్రులు. దొర మీద కోపంతోని కూలోళ్ల గుడిసెలు కాలబెడితే దాన్ని తిరుగుబాటు అనం. అనానిమస్ కూడా కార్డులు కొట్టేసింది మేం కాదనే చెప్పింది. తమ సర్వర్ల ఆ గుంపు పేరుతోని, నినాదంతోని ఒక ఫైల్ దొరికిందని సోనీ అమెరికా చట్టసభకు ఉత్తరం రాసింది. పేరు రాసిపోయినంత మాత్రాన వాళ్లే అని రుజువు కాదు. ఆ దొంగతనం చేసింది ఫలానోడు అని ఇంతవరకు ఏ కోర్టుల తేలలే.

అంటే దొంగ దొరకలే. అయితే కథ అక్కడ్నే ఆగాలె, సోనీ కూడా అదే కోరుకున్నది. కానీ ఆ టోక్యో ప్రెస్‌మీట్‌లనే ఒక మాట బయటవడ్డది. దొంగ దూరిన కంత కొత్తది కాదు, ముందే అందరికీ తెలిసిన కంత. సోనీ టెక్నాలజీ బాధ్యుడు షింజీ హసెజిమానే ఆ మాట ఒప్పుకున్నడు. లోకానికి తెలిసిన లోపమే గానీ మా మేనేజ్‌మెంట్‌కు తెల్వదన్నడు. నాకైతే ఈ మొత్తం కేసుల ఇదే అసలైన వాక్యం. సాఫ్ట్‌వేర్‌ల కంత వడ్తే దాన్ని తయారుచేసినోళ్లు అతుకు పంపుతరు, దాన్నే ప్యాచ్ అంటరు. మన ఫోన్ల అప్‌డేట్ అని వచ్చేది సుత అదే. అతుకు వెయ్యకుండ ఊకున్నోడు ‘దొంగ మస్తు తెలివైనోడు’ అంటే ఎట్ల నమ్మాలె?

బ్రిటన్‌ల సమాచార రక్షణ చూసే ఐసీవో అనే ఆఫీసు నమ్మలే. సాఫ్ట్‌వేర్ ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసి ఉంటే ఈ దాడి ఆగేదేనని తేల్చి 2013 జనవరిల 2.5 లక్షల పౌండ్ల జరిమానా ఏసింది. మన పైసల్ల అప్పటి లెక్క రెండు కోట్ల చిల్లర. సోనీ ముందు అప్పీలుకు పోతనన్నది, తర్వాత ఎనక్కి తగ్గింది. ఆ హ్యాక్‌తోని తనకు 1,400 కోట్ల యెన్‌ల ఖర్చు వడ్తదని సోనీనే లెక్క చెప్పుకున్నది. దాని ముందట ఈ జరిమానా చిల్లర పైసలే. అయినా సంతకం పెట్టి తప్పు మీదే అని రాసిచ్చిన సర్కారు ఆఫీసు అది.

అమెరికా కోర్టుల ముచ్చట ఇంకో తీరు. అకౌంట్లు పోయినోళ్లంత కలిసి కేసేసిన్రు. 2012 అక్టోబర్‌ల ఫెడరల్ జడ్జి దాంట్ల శానా భాగం కొట్టేసిండు. మా భద్రత పర్ఫెక్ట్ కాదని సోనీ ప్రైవసీ పాలసీల ముందే రాసుకుంది కదా, అది చదివినోడు మోసపోయిననంటే ఎట్ల అన్నడు. ఆ పాలసీ చదివినోడు ఎవడయ్యా? మనం ‘ఐ అగ్రీ’ ఒత్తేది అర సెకన్ల. ఆ అర సెకను ఏడాది తర్వాత కోర్టుల మనకే అడ్డం తిరుగుతది. ఇది సాలదన్నట్టు 2011 సెప్టెంబర్‌ల, అంటే హ్యాక్ అయిన అయిదు నెలలకే, సోనీ కొత్త షరతులు తెచ్చింది. ఇక మీదట పంచాయితీ ఏదన్నా వస్తే అంత కలిసి కేసు ఏసుడు ఉండదు, ఎవలిది వాళ్లు మధ్యవర్తి కాడ తేల్చుకోవాలె అన్నది. పాత కేసుల మిగిలిన ముక్క మాత్రం 2014ల 1.5 కోట్ల డాలర్ల రాజీతోని తెగింది. దాంట్ల కూడా ఎక్కువ భాగం ఫ్రీ గేమ్‌లు, సబ్‌స్క్రిప్షన్‌లు.

ఇంకో ముచ్చట చెప్తే నవ్వొస్తది. ఈ కేసుల ఖర్చు ఇయ్యుమని సోనీ తన ఇన్సూరెన్స్ కంపెనీ జ్యూరిక్‌ను అడిగింది. వివరాలు మీరు బయటపెడితే మా పాలసీ పనిచేస్తది, బయటపెట్టింది హ్యాకర్లు కదా అన్నది జ్యూరిక్. 2014 ఫిబ్రవరిల న్యూయార్క్ జడ్జి జ్యూరిక్ దిక్కే మొగ్గిండు. ‘చేసింది మేం కాదు, హ్యాకర్లు’ అని సోనీ జనానికి చెప్పిన మాటనే తిరిగొచ్చి సోనీకి తగిలింది.

ఇదంత దూరపు ముచ్చట అనిపిస్తే దగ్గరిది చూద్దాం. 2024 నవంబర్‌ల వరంగల్ జిల్లా రాయపర్తి ఎస్‌బీఐ బ్రాంచిల దొంగలు వడ్డరు. కిటికీ గ్రిల్ తీసి, గ్యాస్ కట్టర్‌తోని కోసి, జనం కుదువ పెట్టిన బంగారం దాదాపు 19 కిలోలు ఎత్తుకపోయిన్రు. ఆ రోజు ఏ ఊర్లనన్నా ఎవరన్నా రైతును పట్టుకొని ‘నువ్వు బ్యాంకుల బంగారం ఎందుకు పెట్టినవ్’ అని తిట్టిన్రా? తిట్టలే. దొంగలను పోలీసులు పట్టుకోవాలె, మన బంగారానికి బ్యాంకు జవాబు చెప్పాలె. ఈ రెండు వేరు వేరు లెక్కలని చదువు రాని అవ్వకు సుత ఎరికే. బ్యాంకు లాకర్ల విషయంల అయితే ఇది రాతల సుత ఉంది. దొంగతనమైనా, బ్యాంకు ఉద్యోగి మోసమైనా ఏడాది కిరాయికి నూరంతల దాక బ్యాంకు బాధ్యతేనని రిజర్వ్ బ్యాంకు రూల్ పెట్టింది, 2022 జనవరి 1 నుంచి అమల్ల ఉంది. మరి అదే మనిషి వివరాలు ఒక యాప్ కాడ పోతే మాత్రం ‘నీదే తప్పు’ ఎందుకైతది? బంగారం కంటికి కనవడ్తది, డేటా కనవడది. ఇంక గేమ్ అంటే మన దగ్గర పని లేనోడి పని అనే చూపొకటి. నాకు తోచిన కారణాలు ఇవే.

కంపెనీలకు ఒక జవాబుంది. ఎంత కావలి పెట్టినా ఒక దేశమే ఎనకుండి హ్యాకర్లను పంపితే ఎవలం ఆపగలం అంటరు. అదీ నిజమే. యాక్సీ ఇన్ఫినిటీ అనే గేమ్‌ను వియత్నాంల స్కై మావిస్ అనే కంపెనీ నడిపిస్తది. కరోనా లాక్‌డౌన్‌ల ఫిలిప్పీన్స్‌ల పని పోయిన బీదోళ్లు ఆ గేమ్ ఆడి నాలుగు పైసలు సంపాదించుకున్నరు. 2022 మార్చి 23న ఆ గేమ్‌కు సంబంధించిన రోనిన్ బ్రిడ్జి నుంచి 60 కోట్ల డాలర్లకు పైన క్రిప్టో సొమ్ము మాయమైంది. చేసింది ఉత్తర కొరియాకు చెందిన లాజరస్ ముఠా అని అమెరికా ఎఫ్‌బీఐ చెప్పింది. దొంగ అంటే మామూలు దొంగ కాదన్నట్టు.

అయినా లోపలి లెక్క చూడుండ్రి. ఆ సొమ్ము కదలాలంటే తొమ్మిది తాళంచెవుల్ల అయిదు కావాలె. నాలుగు చెవులు ఒక్క స్కై మావిస్ కాడనే ఉన్నయ్. అయిదోది వేరే సంఘానిది. 2021 నవంబర్‌ల పని ఒత్తిడి ఎక్కువైతే ఆ సంఘం తమ తరఫున సంతకం పెట్టే అధికారం స్కై మావిస్‌కు ఇచ్చింది. డిసెంబర్‌ల పని అయిపోయింది, కానీ ఇచ్చిన అధికారాన్ని ఎవలూ తిరిగి తీసుకోలే. పెండ్లికి పక్కింటోళ్లకు ఇంటి తాళంచెవి ఇచ్చి పెండ్లయినంక అడుగుడు మరిచినట్టు. హ్యాకర్లు ఒక ఉద్యోగిని మాయ చేసి లోపటికొచ్చి, అయిదు చెవులూ ఒక్కతాన పట్టుకున్నరు. సొమ్ము పోయిన సంగతి ఆరు రోజుల దాక కంపెనీకే తెల్వదు. ఒకాయన తన పైసలు తీసుకుందామంటే రాకపోతే అప్పుడు చూసిన్రు.

అంత పెద్ద దొంగైనా, ఇంటోడి మరుపు లేకపోతే పని ఇంత అలకగ కాకపోవు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలె. స్కై మావిస్ దొంగ మీదికి నెట్టేసి ఊకోలే. 15 కోట్ల డాలర్లు పోగుచేసి, ఆటగాళ్ల సొమ్ము తిరిగి సర్ది జూన్ ఆఖరున బ్రిడ్జిని మళ్ల తెరిచింది. ఉత్తర కొరియా చేసింది కాబట్టి మీ పైసలు మీకు రావు అనలే. బాధ్యత అంటే ఇట్లుంటది.

మరి ఆడేటోడి తప్పు అస్సలుండదా అంటే ఉంటది. కానీ అది వేరే కేసు. ‘ఫ్రీ డైమండ్స్’, ‘ఫ్రీ యూసీ’ అని వచ్చిన లింకు ఒత్తి ఐడీ, పాస్‌వర్డ్, ఓటీపీ కొట్టినోడి ఐడీ పోతే కంపెనీ సర్వర్ హ్యాక్ అయినట్టు కాదు. మోడ్ ఏపీకే ఏసుకున్నోడి ఫోన్ సంగతి సుత అంతే. ఈ రెండు రకాలను అదే సోనీ అదే ఏడాదిల చూసింది. 2011 అక్టోబర్‌ల ఇంకోసారి 93 వేల అకౌంట్లల్ల ఎవలో లాగిన్ అయిన్రు. ఈసారి సోనీ గోడకు కంత వడలే. వేరే సైట్ల కాడ లీకైన ఐడీలు, పాస్‌వర్డ్‌లు తెచ్చి ఇక్కడ కొట్టి చూసిన్రు. రెండుతాన్ల ఒకటే పాస్‌వర్డ్ పెట్టుకున్నోళ్లయి తెరుసుకున్నయ్. ఏప్రిల్‌ది సోనీ తప్పు, అక్టోబర్‌ది ఎక్కువగ మన తప్పు. ఈ తేడా తెలిసినోడే కంపెనీ కండ్లల్ల కండ్లు పెట్టి అడగగలుగుతడు.

మన రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6 నాటి సర్క్యులర్‌ల ఈ తేడానే చూసింది. బ్యాంకు తప్పు లేదు, మన తప్పూ లేదు, నడుమల ఇంకెక్కడ్నో కంత వడి అకౌంట్‌ల పైసలు పోయినయ్ అనుకో. మూడు పని దినాల్ల బ్యాంకుకు చెప్తే మన మీద ఒక్క రూపాయి వడది. నాలుగు నుంచి ఏడు దినాల్ల చెప్తే కొంత మన మీద వడ్తది. ఓటీపీ మనమే చెప్పినమనుకో, బ్యాంకుకు ఫిర్యాదు చేసేదాక పోయింది మనదే. తప్పు కస్టమర్‌దని చూపెట్టాల్సిన భారం మాత్రం బ్యాంకుదే. అందుకే గేమ్ యాప్‌కు తగిలించిన కార్డు నుంచి తెల్వకుండ పైసలు పోతే ఇంట్ల తిడ్తరని భయపడి దాచుకోవద్దు. ఆ దాచుకున్న నాలుగు రోజులే మన హక్కును తింటయ్. 1930కి ఫోన్ చేసుడు, బ్యాంకుకు రాతల ఇచ్చుడు, రెండూ అదే రోజు కావాలె.

పైసలకైతే ఈ రూల్ ఉంది. వివరాలు పోతే? ఇక్కడ్నే మన చట్టం కొత్త తొవ్వ పట్టింది, అది నాకు నచ్చలే. ఐటీ చట్టంల 43ఎ అని ఒక సెక్షన్ ఉంది. కంపెనీ నిర్లక్ష్యంతోని పాస్‌వర్డ్, కార్డు వివరాల అసొంటివి పోయి మనకు నష్టమైతే మనకు పరిహారం కట్టాలె. దాని రూల్స్ కూడా 2011 ఏప్రిల్‌లనే వచ్చినయ్, సోనీ హ్యాక్‌కు వారం ముందట. రాష్ట్ర ఐటీ సెక్రటరీ కాడ 5 కోట్ల దాక అడగొచ్చు. ఆ సంగతి ఎంతమందికి చెప్పిన్రో మనకు ఎరికే. ఇప్పుడు 2023ల డిజిటల్ పర్సనల్ డేటా చట్టం వచ్చింది, 2025 నవంబర్‌ల దాని రూల్స్ వచ్చినయ్. కంపెనీల మీద పెట్టిన అసలు బాధ్యతలకు 18 నెలల గడువిచ్చిన్రు. భద్రత సక్కగ పెట్టకపోతే 250 కోట్ల దాక జరిమానా. డేటా పోతే ఆలస్యం చెయ్యకుండ ఒక్కొక్కలికి చెప్పాలె. సోనీ లెక్క ఆరు రోజులు నోరు మూసుకొని కూసుంటే నడవది. ఇంతవరకు బాగనే ఉంది.

కానీ ఆ 250 కోట్లు ఎవలికి పోతయ్? సర్కారు ఖజానాకు. డేటా పోయినోడికి దాంట్ల ఒక్క పైసా రాదు. పరిహారమిచ్చే 43ఎ సెక్షన్‌ను సుత ఇదే చట్టం తీసేస్తది. పైగా తప్పుడు వివరాలతోని ఫిర్యాదు చేసిన మామూలు మనిషికి 10 వేల దాక జరిమానా రాసి పెట్టిన్రు. రాయపర్తిల దొంగతనమైతే బ్యాంకుకు జరిమానా ఏసి, ఆ పైసలు ఢిల్లీకి పంపి, రైతును ఇంటికి పొమ్మన్నట్టుంది. ఇగ సర్కారు తన కాడ డేటా పోతే ఏం చేస్తదో 2024ల చూసినం. తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ డేటా బయటికి పోయింది, ఇరవై ఏండ్ల పిల్లగాన్ని పట్టుకొచ్చిన్రు. మంచిదే. తాళం సంగతి అడిగినోళ్లు తక్కువ.

ఇప్పుడు అర్జెంటుగ అడగాల్సింది ఇంకోటుంది. 2025 ఆగస్టుల కేంద్రం పైసలతోని ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ బంద్ పెట్టింది. రమ్మీ, ఫాంటసీ యాప్‌లు దుకాణం మూసినయ్. మంచా చెడా అన్నది వేరే చర్చ. కానీ ఆ యాప్‌లల్ల ఆడినోళ్లు పాన్, ఆధార్, బ్యాంకు అకౌంట్, సెల్ఫీ దాక ఇచ్చిన్రు. షటర్ దించిన్రు, మరి లోపల కాయితాలు ఎవలి కాడ ఉన్నయ్? కావలి ఎవలున్నరు? ఆమ్దానీ లేని కంపెనీ సెక్యూరిటీ ఇంజనీర్‌కు జీతమిచ్చి అతుకులు ఏపిస్తదా? కొత్త రూల్స్‌ల ఒకటి రాసిన్రు. 50 లక్షల మందికి పైన వాడే గేమింగ్ కంపెనీ, మూడేండ్లు అటు దిక్కు రాని మనిషి డేటాను తీసెయ్యాలె. మూడేండ్లంటే శానా కాలం. అంతకన్న చిన్న యాప్‌లకు ఆ రూల్ కూడా లేదు.

సోనీ రెండో హ్యాక్‌ల పోయినవాటిల్ల అమెరికా బయటోళ్ల 12,700 కార్డు నంబర్లు ఉండె. అవి దొరికింది నడుస్తున్న సర్వర్ల కాదు. ఎవలికీ పని లేకుండ మూలకు వడి ఉన్న, 2007 నాటి పాత డేటాబేస్‌ల. అసొంటి యాప్‌ల అకౌంట్ ఉన్నోళ్లు ఇయ్యాల్నే ఆ కంపెనీకి ఈమెయిల్ పెట్టి, నా వివరాలు తీసెయ్యుండ్రి, తీసేసినట్టు రాసియ్యుండ్రి అని అడగాలె. జవాబు రాకపోతే ఆ మెయిల్‌ను తీసెయ్యకుండ్రి, రేపు కంప్లైంట్‌కు పనికొస్తది.